పళ్ళు లేని పెద్దాయన ఏం తిన్నాడు

మార్చి 3, సోమవారం

మూడో రాయి కూడా కడిగేశారు. పెట్టె మీద నేనే ఎర్ర సిరాతో 'కడగవద్దు' అని రాసి అంటించాను. తవ్వకాల దగ్గరి వాళ్ళు ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి పక్కన పెట్టి, రాయిని బ్రష్షుతో శుభ్రంగా తోమి, ఆరబెట్టి, మళ్ళీ కాగితం అంటించి పంపారు. కాగితం మాత్రం తడవలేదు.

పదకొండు వేల ఏళ్ళు మట్టిలో ఉన్న రాయి. దాని సందుల్లో ఏ గింజదో, ఏ దుంపదో ఒక రవ్వ పిండి మిగిలి ఉంటే అది ఇప్పుడు ఏ కాలవలో కలిసిపోయిందో. ఫోన్ చేసి అడిగితే, "మురికిగా పంపితే మీరే తిడతారని కడిగామండీ" అన్నాడు అక్కడి మేస్త్రీ. 

చెకుముకి మాత్రం సంతోషంగా ఉన్నాడు. అతను పనిముట్ల మనిషి, రాయి తళతళలాడితే గానీ అంచు మీద అరుగుదల కనపడదు అతనికి. చెకుముకి అని పేరు పెట్టింది నేనే. రాళ్ళ మీద పిండి రేణువులు వెతుక్కుంటానని నాకు 'పిండి తల్లి' అని పెట్టింది అతను. పదిహేనేళ్ళుగా ఒకే గదిలో చెరో గోడకీ తిరిగి కూర్చుంటున్నాం. అతని లెక్కలో ఆనాటి మనుషులు పొద్దున లేచి జంతువును కొట్టి, ఎముక పగలగొట్టి, మూలుగ జుర్రుకుని పడుకునేవాళ్ళు. ఆకు, గింజ, దుంప అనేవి లేవు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు. అతని కుందేళ్ళ ఎముకలు లెక్కపెట్టింది నేను. నాలుగే ఉన్నాయి.

మిగిలింది ఒక్కటే రాయి. ఒక ముసలాయన అస్థిపంజరం పక్కన దొరికింది. మట్టి గడ్డతో సహా ఎత్తి తెచ్చారు గనక బతికిపోయింది.

నాన్న జావ సగం వదిలేశాడు.


మార్చి 4, మంగళవారం

ముసలాయన కింది దవడ ఇవాళ నా బల్ల మీదికి వచ్చింది. ఒక్క పన్ను లేదు. పళ్ళ గుంటలు కూడా లేవు, ఎముక పూడుకుపోయి నున్నగా ఉంది. అంటే పళ్ళన్నీ ఊడాక కూడా ఏళ్ళ తరబడి బతికాడు. ఎలా బతికాడు? ఎవరో నూరి పెట్టారు. నూరిన రాయి పక్కనే ఉంది. ఇంతకంటే ఏం కావాలి.

డైరెక్టరు గారు పిలిచారు. మ్యూజియంలో కొత్త గది ఏప్రిల్ ఏడున తెరుస్తారట. ఒక గోడ నిండా బొమ్మ వేయించాలి. "నీ రాయి మీద ఏమైనా దొరికితే నీ ముసలాయన్నే గీయిస్తాను. దొరక్కపోతే వేట బొమ్మే" అన్నారు. కాస్త ఆగి, "పదిహేనేళ్ళయింది కదమ్మా. ఈసారీ ఏమీ లేకపోతే నీ బల్ల ఎత్తేసి నిన్ను పనిముట్ల కింద కలపమంటున్నారు పైవాళ్ళు" అన్నారు.

చెకుముకి కింద. అతని రాళ్ళకి నంబర్లు వేస్తూ. అంతకంటే ఇంట్లో కూర్చోవడం నయం.


మార్చి 6, గురువారం

నాన్న చెంచా తోసేశాడు. స్వెట్టరంతా చిందింది. తుడుచుకుని బస్సెక్కాను. ల్యాబ్‌లో చలి, స్వెట్టరు విప్పితే పని సాగదు. తెల్లకోటు చేతులు పొట్టి. స్వెట్టరు అంచు బయటికి వస్తుంటే ఎప్పటిలాగే మడిచి పెట్టుకున్నాను. కొత్త కోటు కోసం రెండేళ్ళ క్రితం రాసిన అర్జీ ఇంకా ఆఫీసులోనే ఉంది.


మార్చి 7, శుక్రవారం

దొరికాయి.

రాయి నూరుడు ముఖం మీద నీటి చుక్క వేసి, సన్న గొట్టంతో పీల్చి, స్లైడు మీద పెట్టి సూక్ష్మదర్శిని కింద చూశాను. చీకట్లో తెల్లగా వెలిగే గుండ్రటి రేణువు, మధ్యలో గుణకారం గుర్తులాంటి నల్లటి గీతలు. పిండి రేణువు అంటే అదే, ఇంకేదీ అలా వెలగదు. ఒకటి కాదు, పద్నాలుగు. పెద్దవీ చిన్నవీ కలిసి ఉన్నాయి, అంటే గడ్డిజాతి గింజ. అడవి బార్లీ కావచ్చు. రెండు రేణువులు ఉబ్బి ఉన్నాయి. వేడి నీళ్ళలో ఉడికితేనే అలా ఉబ్బుతాయి. అంటే నూరడమే కాదు, కాచి పెట్టారు.

పదిహేనేళ్ళు. నాకు ఏడుపొచ్చింది. చెకుముకి చూడకుండా కిటికీ వైపు తిరిగాను.

పక్కన ఎప్పుడూ పెట్టే ఖాళీ స్లైడు ఉంటుంది, గాలిలోంచి ఏమైనా పడుతోందేమో చూడటానికి. దాని మీద ఒకటి ఉంది. ఒకటే.


మార్చి 9, ఆదివారం

దవడ ఫోటో ఇంటికి తెచ్చాను. నాన్న నలభై రెండేళ్ళు పళ్ళసెట్లు తయారుచేశాడు, ఊళ్ళో సగం మంది నవ్వు ఆయన చేతిదే. తన సెట్టు మాత్రం గ్లాసులో నానుతూ ఉంటుంది. 'నా సెట్టు నాకే సరిపోలేదంటే పరువు పోతుంది, ఎవరికీ చెప్పకు' అంటాడు.

భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"పళ్ళు పోయి ఆరేళ్ళకి తక్కువ కాదు. ఎడమవైపు ఎముక చూడు, ఇంకా నిలబడి ఉంది. అటే నమిలేవాడు."

"పళ్ళు లేకుండా ఏం నములుతాడు నాన్నా?"

"చిగుళ్ళతో. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది పదేళ్ళుగా చిగుళ్ళతో నమిలి బతికినవాళ్ళే. అవి కాయ కాస్తాయి, చెప్పుల్లేని కాలులాగా. నేను చేసిన సెట్టు పెళ్ళిళ్ళకి పెట్టుకుని, భోజనాల దగ్గర తీసి జేబులో వేసుకునేవాళ్ళు."

"ఈయనకి ఎవరో నూరి పెట్టారు. రాయి దొరికింది."

"అయితే నన్నెందుకడిగావు?" అని ఫోటో ఇచ్చేశాడు.

ఆయన చెప్పేది పళ్ళసెట్ల సంగతి. నాది పదకొండు వేల ఏళ్ళ నాటి సంగతి. రెండింటికీ ముడి పెడితే ఎలా.

బట్టలు నానబెడుతుంటే నాన్న చొక్కా జేబులో వేరుశనగ పొట్టు. ఎప్పటిదో. ఆయన గది కిటికీ గట్టు మీద తెల్లగా గుంటలు పడ్డాయి, ఒక్కచోటే, పదో పన్నెండో. కిందటేడు తలుపు బిగించిన వడ్రంగి నిర్వాకం అయి ఉంటుంది. డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం నవ్వుతూ తీసుకున్నాడు.

అన్నయ్య ఫోన్. "కొత్త సెట్టు చేయించకూడదూ?" అన్నాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడికి సలహాలకేం లోటు. డాక్టరు జావే అన్నాడని చెప్పాను. "ఎప్పుడన్నాడు?" అన్నాడు. పొయ్యి మీద పాలున్నాయని పెట్టేశాను. పాలు లేవు.


మార్చి 11, మంగళవారం

ఇంకో భాగం నుంచి ఇరవై ఒక్క రేణువులు. ఐదు ఉబ్బినవి. ఖాళీ స్లైడు మీద రెండు. పాత భవనం, గాలిలో ఏవో ఒకటి ఉంటాయి.

నాన్న జావ తాగాడు.


మార్చి 14, శుక్రవారం

డైరెక్టరు గారు స్వయంగా మా గదికి వచ్చారు. సూక్ష్మదర్శినిలో ఒక కన్ను మూయకుండా చూసి, "అద్భుతం" అన్నారు. ఏం కనపడిందో ఆయనకే తెలియాలి. వెంట చిత్రకారిణి వచ్చింది. అక్కడే నిలబడి పెన్సిలుతో గీసేసింది: నేల మీద పళ్ళు లేని ముసలాయన, ఎదురుగా గిన్నె పట్టుకుని ఒకావిడ, పక్కన నూరుడు రాయి. నా మొహం చూసి, "మీ పోలిక వచ్చిందా? అనుకోకుండా వచ్చిందండీ" అంది.

పోలిక ఉంది. నేను మార్చమనలేదు.

చెకుముకి తలెత్తకుండానే అడిగాడు, "ఖాళీ స్లైడులు ఎలా ఉన్నాయి తల్లీ?" అని. కందకు లేని దురద కత్తిపీటకెందుకు. బాగానే ఉన్నాయన్నాను.


మార్చి 17, సోమవారం

ముప్ఫై రేణువులు.

ఖాళీ స్లైడు గురించి రాయడానికి ఏమీ లేదు.


మార్చి 18, మంగళవారం

నాన్నకి జ్వరం. సెలవు పెట్టాను. రాయి మీద ఇంకా రెండు భాగాలు మిగిలాయి, డైరెక్టరు గారికి శుక్రవారానికల్లా లెక్క కావాలట. గత్యంతరం లేక చెకుముకికి ఫోన్ చేశాను. నా పద్ధతి అక్షరం పొల్లుపోకుండా రాసి పంపాను. "చేస్తాలే, నువ్వు మీ నాన్నను చూసుకో" అన్నాడు. అంత మంచిగా మాట్లాడితే నాకు భయం.


మార్చి 20, గురువారం

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మామూలు జలుబు జ్వరమే. తూకం చూశారు, యాభై ఎనిమిది. పోయిన జూలైలో మిగిలిన పళ్ళు తీయించి, తర్వాత నెమ్ము చేసి ఆసుపత్రిలో పడుకుని వచ్చినప్పుడు యాభై మూడు. సగం జావ వదిలేస్తూ కూడా ఐదు కిలోలు పెరిగాడు. బార్లీలో బలం ఉంది, ఊరికే అంటారా.

ఏం పెడుతున్నారని అడిగితే చెప్పాను. "ఇంకా జావేనా?" అన్నాడు డాక్టరు. అంత ఓపిగ్గా చూసుకుంటున్నందుకు ఆశ్చర్యపోయినట్టున్నాడు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.


మార్చి 24, సోమవారం



చెకుముకి చేసిన రెండు భాగాల మీదా ఒక్క రేణువు లేదు. ఒక్కటంటే ఒక్కటి. నేను చేసిన మూడింటి మీదా అరవై అయిదు, అతను చేసిన రెండింటి మీదా సున్నా. ఒకే రాయి, ఒకే ముఖం, బెత్తెడు దూరం.

"కడిగావు" అన్నాను.

"కడగలేదు."

"నీ జన్మలో నువ్వు కడగని రాయి ఉందా?"

అతను కుర్చీ తిప్పుకుని నా వైపు చూశాడు. పదిహేనేళ్ళలో అలా చూడటం నాలుగోసారో ఐదోసారో. "నీ ఖాళీ స్లైడులు నేనూ చూశాను" అన్నాడు మెల్లగా. "నువ్వు లేని నాలుగు రోజులూ రోజుకొకటి పెట్టాను. నాలుగూ ఖాళీయే. నువ్వు ఉన్న రోజులవి పెట్టెలో ఉన్నాయి. లెక్కపెట్టాను."

నా పెట్టె ఎందుకు తెరిచావన్నాను. కుళ్ళుబోతువన్నాను. నా బల్ల పోతే నీ రాళ్ళకి జాగా వస్తుందని చూస్తున్నావన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్నీ విని, మళ్ళీ గోడ వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది.


మార్చి 26, బుధవారం

మాట్లాడుకోవడం లేదు. గది చిన్నది, గోడలు రెండే.

బొమ్మకి రంగులు మొదలుపెట్టారట.


మార్చి 30, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

పదకొండింటికి చెకుముకి వచ్చాడు. చేతిలో స్లైడు పెట్టెలు రెండు. గుమ్మంలోనే, "తిట్టాలంటే లోపల కూర్చుని తిట్టు, మెట్లెక్కి వచ్చాను" అన్నాడు. నేను వంటింట్లో పిండి జల్లెడ పడుతున్నాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి అతను నాన్న గదిలో కూర్చుని ఉన్నాడు.

నాన్న బల్ల మీద న్యూస్‌పేపర్లు ఎగరకుండా ఒక గుండ్రాయి ఉంటుంది. ఏటి రాయి, పిడికెడు. ఎప్పుడో చెకుముకే ఇచ్చాడు నాకు. దాన్ని ఊరికే చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళతో తిప్పాడు. తిప్పడం ఆపాడు. కిటికీ దగ్గరికెళ్ళి వెలుగులో ఏటవాలుగా పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడం నాకు తెలుసు.

"దీంతో ఏం కొడుతున్నారు?" అన్నాడు.

నాన్న దిండు సర్దుకున్నాడు.

"ఒక కొస మీద సన్నగా గుంటలున్నాయి. రెండోవైపు నున్నగా, జిడ్డుగా ఉంది. నూనె ఉన్నదేదో. కొట్టి, తర్వాత తిప్పి నూరుతున్నారు. కుడిచేతి మనిషి. ఇది ఒకరోజు పని కాదు, నెలలు పట్టింది." తర్వాత కిటికీ గట్టు చూశాడు. ఆ పన్నెండు గుంటల మీద వేలు పెట్టాడు. "ఇదిగో, కింద రాయి."

నాన్న బడిలో దొరికిపోయిన పిల్లాడిలా కూర్చున్నాడు. కాసేపటికి దిండు కింద చెయ్యి పెట్టి కాగితం పొట్లం తీశాడు. వేరుశనగకాయలు.

"మధ్యాహ్నం నడకకి వెళ్ళినప్పుడు మలుపులో కొంటాను" అన్నాడు. నాతో కాదు, చెకుముకితో. "ముందు కొట్టాలి, పొట్టు ఊదెయ్యాలి, తర్వాత నూరాలి. రొట్టె ముక్కలోకి అద్దుకుంటే బాగుంటుంది. రొట్టె నమలడానికి పావుగంట."

"రాయి బాగా ఎంచుకున్నారు" అన్నాడు చెకుముకి.

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. పళ్ళూడాక మాత్రం చూసి ఎంచుకోవాలి బాబూ."

ఇద్దరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది నెలలు. పొద్దున ఐదున్నరకి లేచి, పిండి జల్లించి, ఉండ కట్టకుండా కాచి, ఊది ఊది పెట్టాను. "నాకు చెప్పొచ్చుగా నాన్నా" అన్నాను.

"చెప్పాను. జావ వద్దన్నాను. నమలగలనన్నాను. దవడ బొమ్మ తెచ్చినప్పుడు కూడా చెప్పాను. డాక్టరు, డాక్టరు అన్నావు. ఆ డాక్టరు చీటీ ఎక్కడుందో చూడు."

చూశాను. వంటింటి సొరుగులో, నా చేత్తోనే నాలుగు మడతలు పెట్టి ఉంది. 'ఆరు వారాలు జావ. తర్వాత మెత్తగా మామూలు ఆహారం.' తేదీ పోయిన జూలై ఇరవై ఎనిమిది. నేను చదవలేదని రాయడానికి లేదు. కింద నా అక్షరాలతోనే 'సెప్టెంబరు 8' అని ఉంది.

ఎందుకు ఆపలేదో నాకు తెలుసు. ఆసుపత్రిలో ఆయన గొంతులో గరగర విన్నాను. మళ్ళీ ఆ చప్పుడు వినడం కంటే ఆయన నన్ను తిట్టుకోవడమే నయమనుకున్నాను. అదీ నిజం. ఇంకో నిజం కూడా ఉంది. ల్యాబ్‌లో ఏ రాయీ నా మాట వినలేదు. ఆ గిన్నె ఒక్కటే నా చేతిలో ఉండేది.

చెకుముకి వెళ్తూ పెట్టెలు నా చేతిలో పెట్టాడు. నా స్వెట్టరు వైపు చూశాడు.


మార్చి 31, సోమవారం

రాళ్ళు చూసి కడుపు నింపుకునే మనిషిని, సొంత ఇంట్లో కిటికీ గట్టు మీద గుంటలు చూసి వడ్రంగిని తిట్టాను. అది చూడలేనిదాన్ని ఇంకేం చూడలేదో అని రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను.

పొద్దున ల్యాబ్‌కి వెళ్ళగానే స్వెట్టరు చేతి మడత విప్పి, అతుకుడు టేపు అద్ది, స్లైడు మీద పెట్టాను. లెక్కపెట్టే పని లేదు. ఆకాశం నిండా చుక్కలున్నట్టు ఉన్నాయి. పెద్దవీ చిన్నవీ, బార్లీ. చెంచా తోసేసిన రోజు చిందినచోట అద్దితే అన్నీ ఉబ్బినవే.

స్వెట్టరు లేకుండా, కొత్త చేతితొడుగులతో రాయి మీద ఇంకోచోట చుక్క తీశాను. ఏమీ లేదు. మళ్ళీ తీశాను. లేదు.

నేను రాయి మీద చూసింది నా జావ. ముసలాయనకి కాచి పోసింది నేనే.


ఏప్రిల్ 1, మంగళవారం

వెళ్ళలేదు.

ఎవరికి తెలుసు? చెకుముకికి తెలుసు, నోరు విప్పడు. బొమ్మ అయిపోవచ్చింది. రేణువులు నిజంగానే బార్లీవి. అడవి బార్లీకీ ఇంటి బార్లీకీ రేణువులో తేడా కనిపెట్టడం ఎవరి తరం.

ఈ ఐదు వాక్యాలూ కొట్టేయకుండా ఉంచుతున్నాను. రేపు ఎప్పుడైనా ఎవరినైనా 'ఎందుకు కడిగారు' అని తిట్టబోతే చదువుకోవాలి.


ఏప్రిల్ 2, బుధవారం

డైరెక్టరు గారికి చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. ఇప్పుడు ఎవరు రాయి ముట్టుకున్నా నాకు భయంగా ఉంది.

"ఇంకెవరికి తెలుసు?"

"చెకుముకికి."

"అంటే వాళ్ళు గింజలు తినలేదంటావా?"

"తిన్నారో లేదో ఈ రాయి చెప్పడం లేదండీ. ఇన్నాళ్ళూ చెప్పింది నా స్వెట్టరు."

"మిగతా రాళ్ళు?"

"కడిగేశారు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఐదు రోజుల్లో గది తెరవాలి. నువ్వు ఈ మాట ఐదు వారాల ముందు చెప్పినా బాగుండేది, ఐదు వారాల తర్వాత చెప్పినా బాగుండేది" అన్నారు. తర్వాత చెకుముకిని పిలిపించి, "సరే, వేట బొమ్మ వేయిద్దాం. నీ రాళ్ళున్నాయిగా" అన్నారు.

అతను ఎగిరి గంతేస్తాడనుకున్నాను. "కుదరదు సార్" అన్నాడు. "నా రాళ్ళు వేటకి పనికొస్తాయని చెప్పగలను. ఆ ముసలాయన ఏం తిన్నాడో అవీ చెప్పవు. ఆయన పక్కన దొరికింది నూరుడు రాయి, బాణం మొన కాదు. మనకి తెలిసిందల్లా ఆయన పళ్ళు లేకుండా ఆరేళ్ళకి పైగా బతికాడన్నదే. ఆ ఆరేళ్ళు కూడా మొన్న ఈవిడ నాన్నగారు నాతో చెప్పిన మాట, నేను ఇంకో ఇద్దరు పళ్ళ డాక్టర్లని అడిగాను, సరేనన్నారు."

నేను అతన్ని కుళ్ళుబోతువన్నాను. క్షమించమని అడగాలి. గదిలోకి వచ్చాక అడగబోయాను. "రాయి చూపించు ముందు" అన్నాడు. ఆ రాయి ముఖం ఇద్దరం కలిసి చూడటం ఇదే మొదటిసారి. అరుగుదల ఉంది, దేన్నో నూరారు. దేన్నన్నది చూడాలి.

నా బల్లకి ఆరు నెలలు గడువిచ్చారు డైరెక్టరు గారు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. కొత్త కోటు అర్జీ మీద అక్కడికక్కడే సంతకం చేశారు. రెండేళ్ళు పట్టింది, నా పరువు మొత్తం పట్టింది.


ఏప్రిల్ 4, శుక్రవారం

చిత్రకారిణి నిచ్చెన మీదనుంచే తగువు పెట్టుకుంది. "గిన్నె తీసెయ్యమంటున్నారు. ఆవిణ్ణి తీసెయ్యమంటున్నారు. మరి ఆయన చేతిలో ఏం పెట్టను?"

"తెలియదు."

"తెలియనిదాన్ని ఏ రంగు వెయ్యనండీ?"

ఆవిడ బాధ ఆవిడది. చివరికి ముసలాయన్ని పక్కకి తిరిగి కూర్చోబెట్టింది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, దవడ మాత్రం ఎడమవైపు కాస్త ఉబ్బి ఉంది. నోట్లో ఏదో ఉంది, ఏమిటో కనపడదు. రాయి పక్కన ఉంది. ఆవిణ్ణి తీసెయ్యలేదు, దూరంగా తన పని చేసుకుంటున్నట్టు గీసింది. పోలిక తగ్గించమన్నాను.

పలక మీద రాయాల్సింది నేనూ చెకుముకీ కలిసి రాశాం, ఒక్కో మాటకీ కొట్టుకుంటూ. 'ఈయన పళ్ళన్నీ పోయాక చాలా ఏళ్ళు బతికాడు. ఏం తిన్నాడో మాకింకా తెలియదు.' డైరెక్టరు గారు రెండో వాక్యం తీసెయ్యమన్నారు. మేమిద్దరం ఒకేసారి కాదన్నాం.

తవ్వకాల దగ్గరికి కొత్త పెట్టెలు పంపుతున్నారు. ఈసారి ఎర్ర సిరాతో 'కడగవద్దు' అని రాసింది చెకుముకి. కింద తన పేరు కూడా రాశాడు. అతని పేరు చూస్తే వాళ్ళు భయపడతారట.


ఏప్రిల్ 6, ఆదివారం

ఐదున్నరకి మెలకువ వచ్చింది. జల్లెడ కోసం చెయ్యి పోయింది, ఆపుకున్నాను. మిగిలిన పిండి కట్టి పక్కింటావిడకి ఇచ్చేశాను. స్వెట్టరు ఉతికి ఆరేశాను.

"మధ్యాహ్నానికి ఏం తింటావు నాన్నా?" అని అడిగాను. ఈ ప్రశ్న అడిగి ఎనిమిది నెలలయింది.

"నువ్వు ఏం తింటే అది."

దుంపలు ఉడకబెట్టాను, గుడ్లు, రొట్టె. ఆయన ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. గొంతు వైపే చూస్తున్నాను. మొదటి ముద్ద ఎడమవైపుకి తోసుకున్నాడు. దవడ తిరుగుతోంది. మింగాడు. గరగర లేదు.

రెండో ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు.

"అలా చూడకు. నేనేం తవ్వకాల్లో దొరకలేదు. నువ్వూ తిను."

తిన్నాను. నాది పదకొండు నిమిషాల్లో అయిపోయింది. గడియారం చూడకూడదనుకుంటూనే చూశాను. ఇరవై అయ్యింది, ముప్ఫై అయ్యింది. దుంప అయ్యాక గుడ్డు, గుడ్డు అయ్యాక రొట్టె. మధ్యలో రాయి తెమ్మన్నాడు. తెచ్చిచ్చాను. కిటికీ గట్టు మీద కాదు, ఇక్కడే బల్ల మీద, నా ముందే నాలుగు కాయలు కొట్టాడు, పొట్టు ఊదాడు, తిప్పి నూరాడు. నూరిన పొడిలో సగం నా పళ్ళెం వైపు జరిపాడు.

నేను తిని లేచి, గిన్నెలు కడిగి వచ్చేసరికి నలభై ఒక్క నిమిషాలు. ఆయన ఇంకా తింటున్నాడు.